వంటింటి ఫోను

కొన్నాళ్ళుగా మధ్యాహ్నం అన్నాలయ్యాక సత్యవతి వంటింటి గుమ్మం పక్కనున్న ఫోను ఎత్తి, మాట్లాడే వైపు చీర చెంగు అడ్డం పెట్టి, చెవి దగ్గర పెట్టుకుంటుంది. ఆవిడ ఎవరికీ ఫోను చెయ్యదు. ఆవిడకి ఎవరూ చెయ్యరు. ఊరికే వింటుంది.

మొదట సన్నటి కూతలు. తరవాత ఎవరో గొంతు సవరించుకుంటున్నట్టు బరబర. కాసేపటికి అదంతా సర్దుకుని, రేకుల మీద వాన పడుతున్నట్టు ఒకే ధారగా సాగుతుంది. ముందు గదిలో కూతురు ప్రసన్న కంప్యూటరు ముందు కూర్చుని ఇంటర్నెట్ కలిపితేనే ఆ చప్పుడు. ఆమె అక్కణ్ణుంచి లేస్తే ఫోనులో మామూలు మోతే. కనక ఆ చప్పుడు ప్రసన్నదేనని సత్యవతి లెక్క. ఆ లెక్కలో తప్పేముందో చెప్పమంటే ఇంజనీర్లు కూడా కాస్త తడుముకోవాలి.

చిన్నప్పుడు మెదడువాపు జ్వరం వచ్చి ప్రసన్నకి వినికిడి పోయింది. మాట మిగిలింది. దాన్ని బళ్ళో పిల్లలు తీసేసుకున్నారు. వాళ్ళు తనలా మాట్లాడి చూపించుకుని నవ్వుకుంటున్నారని ఒకనాడు పెదాలు చూసి కనిపెట్టింది, అంతే, ఆ రోజు నుంచి నోరు విప్పలేదు. ఇంట్లో చేతులతో, కళ్ళతో నెట్టుకొస్తుంది. నవ్వొస్తే అరచెయ్యి నోటికి గట్టిగా అడ్డం పెట్టుకుంటుంది. తన గొంతు ఎలా బయటికొస్తుందో తనకి తెలియదు కదా.

ఫోనుకి చెంగు అడ్డం పెట్టడం సత్యవతి కొత్తగా కనిపెట్టిన విద్య కాదు. రెండు ఫోన్లున్న ప్రతి ఇంట్లోనూ ఉన్నదే. కువైట్ నుంచి ఫోనొచ్చి ముందు గదిలో ఎవరైనా మాట్లాడుతుంటే, లోపలి ఫోనులో ఆడవాళ్ళు ఇలాగే చెంగు అడ్డం పెట్టుకుని వింటారు. మన ఊపిరి అవతలికి పోకపోతే మనం లైన్లో లేనట్టే. కొబ్బరి వర్తకుల పిలుపులు తప్పిపోకూడదని మొగుడు దుర్గారావు వంటింటి దగ్గర రెండో ఫోను పెట్టించినప్పటి నుంచీ సత్యవతికి ఈ మర్యాద అలవాటే.

ఆ మధ్యాహ్నం పాలు పొంగుతున్న వాసన వచ్చి ఆవిడ ఫోను పెట్టేసి పొయ్యి దగ్గరికి పరిగెత్తింది. ముందు గదిలో ప్రసన్న బల్ల మీద అరచేత్తో కొట్టిన చప్పుడు వినబడింది.

సత్యవతి చేతులు తుడుచుకుంటూ వెళ్ళి చూసింది. తెర మీద, పంపేది ఎంతవరకు వెళ్ళిందో చూపే నీలం గీత సగం దాకా వచ్చి నిలబడిపోయింది. ప్రసన్న దాన్ని చూపించి, రెండు వేళ్ళు గాల్లో కత్తెరలా ఆడించింది. మళ్ళీ తెగిపోయింది.

రాజమండ్రిలో ఒక ప్రెస్సు వాళ్ళు రాతప్రతులు బస్సులో పంపిస్తే ప్రసన్న కంప్యూటర్లో తెలుగు టైపు చేసి, పేజీలు కట్టి ఇంటర్నెట్లో పంపుతుంది. మొదట్లో ఫ్లాపీలు బస్సులోనే పంపేవారు. దారి పొడుగునా కుదుపులకో ఎండకో సగం చెడిపోయేవి. మెయిలు మొదలయ్యాక హాయిగా ఉండేది, ఈ మధ్య ఇలా తెగడం మొదలయ్యేదాకా. ప్రెస్సు ఆయన 'ప్రసన్నగారూ' అని రాస్తాడు. తనకి వినబడదని ఆయనకి ఎవరూ చెప్పలేదు. ఆ పిల్లని చెవిని బట్టి కాక మాటని బట్టి లెక్కపెట్టిన మనిషి ఈ లోకంలో ఆయనొక్కడే. అందుకే ప్రసన్నకి ఆ పని అంటే ప్రాణం.

ఆ ఉదయం వచ్చిన మెయిలులో 'గారు' ఉంది గాని మర్యాద తగ్గింది. పేజీలు సగం సగం వస్తున్నాయట. శనివారం లోపల మిగతావి రాకపోతే రాజమండ్రిలోనే ఎవరికైనా ఇచ్చుకుంటారట.

దుర్గారావు తనకి తెలిసిన వైద్యమంతా చేశాడు. ప్లగ్గు మార్చాడు. ఫోను తీగని కంప్యూటరుకి కలిపే మోడెం పెట్టె వేడెక్కుతోందని టేబుల్ ఫ్యాను దాని వైపు తిప్పాడు. ఆ పెట్టె చల్లగా ఉంది, ప్రసన్న చెమటలు కక్కింది. అమలాపురంలో కంప్యూటరు అమ్మిన కుర్రాడికి ఫోను చేస్తే అన్నీ తీసి మళ్ళీ వెయ్యమన్నాడు. వేశారు. నీలం గీత మాత్రం సగంలోనే నిలబడుతోంది.

ఆ కుర్రాడంటే సత్యవతికి మొదటి నుంచీ గుర్రు. బిగించిన రోజు అతను స్పీకర్లు మళ్ళీ సంచీలో పెట్టేసుకున్నాడు. "అమ్మాయికి వినబడదు కదండీ, దండగ" అన్నాడు. ఫోను కలిసేటప్పుడు మోడెం పెట్టె తనంతట తను చేసే కూతలు కూడా కంప్యూటర్లో ఎక్కడో నొక్కి ఆపేశాడు. "మాకు వినబడుతుంది కదా బాబూ" అని సత్యవతి గుమ్మంలోంచి అంది. అతను దుర్గారావుతో మాట్లాడుతున్నాడు. ఆ మాట ఎవరి చెవినా పడలేదు.

మర్నాడు కొబ్బరి దింపు, చెట్ల మీంచి కాయలు దించే రోజు. రోడ్డు మీది స్తంభం నుంచి ఇంటికి ఫోను తీగ తోటలోంచే రావాలి. దూరం ఎక్కువని మధ్యలో రెండు కొబ్బరిచెట్లకి కట్టి లాగారు. కిందటి దింపులో గెల ఒకటి పడి ఆ తీగ తెగితే, చెట్లెక్కే సాలమోనే దిగి వచ్చి రెండు కొసలూ ఒలిచి మెలేసి, పైన సైకిలు ట్యూబు ముక్క చుట్టాడు. ఆ సాయంత్రమే ఫోను మోగింది. దుర్గారావు అప్పుడు శభాషన్నాడు కూడా.

ఇప్పుడు ఆ ట్యూబు ముక్కే ఆయన కంట పడింది.

సత్యవతి మజ్జిగ చెంబు పట్టుకుని తోటలోకి వచ్చేసరికి ఆయన మెడ పైకెత్తి అరుస్తున్నాడు. కాయలు ఏరుతున్న ఆడవాళ్ళు, వాటిని లారీకి మోస్తున్న వర్తకుడి మనుషులు చేతులాపి చూస్తున్నారు.

"ఒరే సాలమోనూ, దిగు. ముందు దిగమంటున్నానా."

సాలమోను దిగాడు. దుర్గారావు కన్నా పెద్దవాడు. కాళ్ళకున్న తాడు బందం తియ్యకుండానే వచ్చి నిలబడ్డాడు.

"ఇది చుట్టింది నువ్వేనా?"

"ఆయ్. నేనేనండి. గెల పడి తెగిందని అప్పుడే చెప్పేనండి."

"చెప్పేవు. చుట్టమన్నానా నిన్ను? చెట్టెక్కేవాడివి చెట్టెక్కాలి. ఫోనోళ్ళ పని నీకెందుకు? నీ ముడి మూలంగా నా కూతురి పని పోయేలా ఉంది, తెలుసా?"

"మాటలు బానే ఇనబడతన్నాయి కదండీ."

"మాటలు వేరు, ఇది వేరు. నీకు చెప్పినా బోధపడదు. ఇంక మా చెట్లు ఎక్కకు. వేరే వాళ్ళని పిలుచుకుంటాను."

సాలమోను చుట్టూ ఉన్నవాళ్ళని చూశాడు. వంగి బందం విప్పి, నెమ్మదిగా చుట్ట చుట్టి భుజాన వేసుకున్నాడు. కత్తి నడుముకి దోపుకున్నాడు. సత్యవతి చెంబు చాపింది.

"వద్దండి అమ్మగారు. దాహం లేదండి."

ఎండలో చెట్లెక్కి దిగిన మనిషి దాహం లేదన్నాడు.

కిటికీలో ప్రసన్న నిలబడి ఉంది. ఆమెతో సునాయాసంగా మాట్లాడేవాడు సాలమోనొక్కడే. చెట్టు మీంచి గొంతు సరిగా వినబడదని ఎక్కేవాళ్ళు కిందవాళ్ళతో చేతులతోనే చెబుతారు. పక్కకి జరగమంటే ఒక ఊపు, చెట్టు అయిపోయిందంటే రెండు ఖాళీ అరచేతులు. ప్రసన్నతోనూ అదే భాష. ఇంకా సగం చెట్లుండగా ఎక్కడికని ఆమె చెయ్యి తిప్పి అడిగింది. సాలమోను ఆమెకి రెండు ఖాళీ అరచేతులు చూపించి, గట్టు మీద నడుచుకుంటూ వెళ్ళిపోయాడు.

టెలిఫోను ఎక్స్ఛేంజి నుంచి లైన్‌మన్ శుక్రవారం పొద్దున్న వచ్చాడు. సైకిలుకి తీగచుట్ట తగిలించుకుని, భుజాన నిచ్చెన పెట్టుకుని వచ్చిన నిమ్మళమైన మనిషి. ట్యూబు ముక్క కోసి లోపలి తీగ చూశాడు. గోటితో గీకి చూశాడు.

"ముడి బానే ఉందండి. ఎలాగూ వచ్చేను కదా, కొత్త తీగ లాగేస్తాను" అన్నాడు.

"బానే ఉండడమేంటండి? అసలు రోగమంతా అక్కడే" అన్నాడు దుర్గారావు.

లైన్‌మన్ వాదించలేదు. కొత్త తీగ లాగి, ఇంట్లోకి వచ్చి ముందు గదిలో ఫోను ఎత్తి విన్నాడు. మోడెం వెనక పిన్నులు నొక్కి చూశాడు. సత్యవతి కాఫీ తెచ్చింది.

"ఇంట్లో ఫోన్లు ఎన్నండి?"

"రెండండి. ఇదొకటి, వంటింటి దగ్గరొకటి."

"అమ్మాయిగారు నెట్టులో ఉన్నప్పుడు ఆ రెండోది ఎవరూ ఎత్తట్లేదు కదండీ?"

"ఎవరెత్తుతారండి? ఆ టైములో ఫోన్లు రావని అందరికీ తెలుసు."

సత్యవతి కాఫీ గ్లాసు బల్ల మీద పెట్టేసింది. "మాట్లాడకూడదన్న మాట" అంది, ఎవరినీ చూడకుండా.

"మాట్లాడకపోయినా అంతేనండి. ఊరికే ఎత్తితే చాలు, ఇది డీలా పడిపోద్ది. ఒక్కోసారి తెగిపోద్ది కూడానండి."

"చెయ్యి అడ్డం పెట్టినా?"

లైన్‌మన్ నవ్వాడు. "దానికి చెయ్యీ చెంగూ తెలవదు కదండీ. ఎత్తేరా లేదా, అదే లెక్క."

"ఊరికే ఎందుకు ఎత్తుతారండి ఎవరైనా, పనిలేకనా" అన్నాడు దుర్గారావు. ఇద్దరూ నవ్వుకున్నారు. సత్యవతి వంటింట్లోకి వెళ్ళి, ఫోను దగ్గర నిలబడి, దాన్ని ముట్టుకోకుండా తిరిగొచ్చేసింది.

ఆ మధ్యాహ్నం అన్నాలయ్యాక ఆవిడ పెరట్లోకి వెళ్ళి కూర్చుంది. ఆరవేసిన కొబ్బరి చిప్పలు ఒకసారి తిరగేసింది. అవసరం లేకపోయినా మళ్ళీ తిరగేసింది. లోపల కూతురు అవతలి ఊరితో మాట్లాడుతోంది. ఆ చప్పుడు తీగలోంచి తల మీదుగా పోతూనే ఉండాలి. ఇక తనకి వినబడదు.

కాసేపటికి ప్రసన్న పెరట్లోకి పరిగెత్తుకొచ్చి, తల్లి భుజాలు పట్టుకుని ఊపింది. నీలం గీత చివరికంటా వెళ్ళిందని చెయ్యి బారుగా చాపి చూపించింది. ఒక పేజీ కాదు, అన్నీ. అరచెయ్యి నోటికి అడ్డం పెట్టుకుని నవ్వింది. సత్యవతి కూడా నవ్వింది. నవ్వుతూనే కళ్ళు తుడుచుకుంది.

దుర్గారావు రొమ్ము విరుచుకుని తిరిగాడు. పక్క తోట రైతు కనబడితే గట్టు మీదే ఆపి మరీ చెప్పాడు. "చూసేరా? ముడి తీసేం, బాగయిపోయింది. సాలమోను చేసిన నిర్వాకం. ఎంత నష్టమయ్యేదండీ."

ఆ రైతు తోటలో దింపుకి కూడా సాలమోనే వస్తాడు. ఆయన "అలాగా" అన్నాడు. ఆ 'అలాగా' సత్యవతి చెవిలో పడింది. ఒక మనిషి పేరు పాడవడానికి అంతకన్నా ఎక్కువేం అక్కర్లేదు. అన్నం ముందు కూర్చుని లెక్క చూసుకుంది. తను నోరు మూసుకుంటే అందరూ సుఖంగానే ఉంటారు. కూతురి పని నిలబడింది, మొగుడి మాట నెగ్గింది. నష్టపోయినవాడల్లా మజ్జిగ కూడా ముట్టుకోకుండా వెళ్ళిపోయినవాడొక్కడే.

శనివారం ప్రెస్సు ఆయన మెయిలు వచ్చింది. పేజీలన్నీ అందాయి, కొత్త పుస్తకం సోమవారం బస్సులో పంపుతున్నాం, ప్రసన్నగారూ. సత్యవతి దాన్ని రెండుసార్లు చదువుకుంది. పని పోదని మనసు కుదుటపడ్డాక మొగుడి దగ్గరికి వెళ్ళింది.

"ఏవండీ, ఒకసారి ఇలా వచ్చి ఆ నీలం గీత చూస్తూ నిలబడండి."

"ఎందుకే?"

"చూడండి, చెబుతాను."

ప్రసన్నని ఏదైనా పేజీ మళ్ళీ పంపమని సైగ చేసి, సత్యవతి వంటింటి గుమ్మం దగ్గరికి నడిచింది. ఫోను ఎత్తింది. చెంగు అడ్డం పెట్టలేదు.

ముందు గదిలోంచి దుర్గారావు కేకేశాడు. "ఇదిగో, మళ్ళీ ఆగిపోయిందే. ఆ లైన్‌మన్..."

సత్యవతి ఫోను పట్టుకునే గుమ్మంలోకి వచ్చింది. మెలికల తీగ సాగి నిలబడింది. ఆయన ఫోను వంకా తెర వంకా చూశాడు.

"రోజూ నేనే ఎత్తుతున్నానండి. సాలమోను ముడి కాదు."

"నువ్వా? ఎందుకు?"

ఆ ప్రశ్నకి జవాబు ఆవిడ మొగుడికి చెప్పలేదు. కూతురి వైపు తిరిగి, పెదాలు బాగా కనబడేలా నెమ్మదిగా అంది. "నువ్వు మాట్లాడుతున్నావు కదమ్మా. విందామని."

ప్రసన్న చూసింది. అర్థమవడానికి కాస్త సమయం పట్టింది. అర్థమయ్యాక ముందు వచ్చింది కోపమే. ఎన్ని మధ్యాహ్నాలు, ఎన్ని పేజీలు. కుర్చీ వెనక్కి తోసి, తల్లిని తప్పుకుని తోటలోకి వెళ్ళిపోయింది. వెళ్ళనిచ్చింది సత్యవతి. ఆ కోపం న్యాయమైనదే.

దుర్గారావు మంచం మీద కూలబడ్డాడు. అరచేత్తో ముఖం తుడుచుకుని అన్నాడు. "సరే. బాగయింది కదా. ఈ సంగతి మనలో మనం ఉంచుకుందాం."

"సాలమోను సంగతో?"

"వచ్చే దింపుకి పిలుద్దాంలే. రాకేం చేస్తాడు?"

"వస్తాడండి. తప్పు చేసినవాడిలా వస్తాడు. అలా రాకూడదు." సత్యవతి చెప్పులు తొడుక్కుంది. "మీరు అందరి ముందూ అన్నారు. అందరి ముందే చెప్పాలి. మీరు రాకపోతే నేనే వెళ్తాను, ఎత్తినదాన్ని నేనే కదా."

పెళ్ళాం అంత మాటన్నాక దుర్గారావు కూర్చోలేకపోయాడు. కండువా వెతుక్కుంటూ వెనకాలే వచ్చాడు.

సాలమోను పక్క తోటలో చెట్టు మీద ఉన్నాడు. కింద కాయలు ఏరేవాళ్ళు, గట్టు మీద తోట రైతు. దుర్గారావు చెట్టు మొదలు దగ్గర నిలబడి గొంతు సవరించుకున్నాడు. మామూలు గొంతుతో అంటే పైకి వినబడదు. పైకి వినబడేలా అంటే తోటంతా వినబడుతుంది. మొన్న ఆ మనిషిని కిందికి దింపి తిట్టాడు. ఇవాళ దిగమనడానికి నోరు రాలేదు.

"సాలమోనూ" అని కేకేశాడు. "నీ ముడి బానే ఉంది. ఇంట్లో రెండో ఫోను ఎత్తడం వల్ల వచ్చిన గొడవ అది. నేనే తొందరపడి అన్నాను. నీ తప్పేం లేదు."

ఏరేవాళ్ళ చేతులు ఆగాయి. గట్టు మీది రైతు ఈసారి 'అలాగా' అనలేదు.

"ఫోను ఎత్తింది నేను సాలమోనూ" అని సత్యవతి కూడా గొంతెత్తింది.

మట్టల మధ్యనుంచి సాలమోను కిందికి చూశాడు. ముఖం సరిగా కనబడలేదు.

"ఆయ్" అన్నాడు.

తరవాత చెయ్యి చాపి పక్కకి ఊపాడు. వాళ్ళిద్దరూ జరిగారు. వాళ్ళు నిలబడ్డ చోటే గెల వచ్చి పడింది.

"వస్తాడంటావా?" అన్నాడు దుర్గారావు దారిలో.

"అది అతని ఇష్టమండి" అంది సత్యవతి.

ఇంటికొచ్చేసరికి ప్రసన్న కంప్యూటరు ముందుంది. తల్లిని చూసి లేచి, చెయ్యి పట్టుకుని లాక్కొచ్చి పక్క కుర్చీలో కూలేసింది. ముఖంలో కోపం ఇంకా పూర్తిగా పోలేదు. తెర మీద ఒకదాంట్లోంచి ఒకటిగా చిన్న చిన్న గళ్ళు తెరిచింది. ఒక గడిలో ఎడమ చివర నొక్కిపెట్టిన మీట లాంటి బొమ్మ ఉంది. పక్కన శబ్దం గుర్తు. ఆ అమలాపురం కుర్రాడు నొక్కేసి పోయిన చోటు అదే. ప్రసన్న దాన్ని కుడివైపు చివరికంటా జరిపి, ఫోను కలిపింది.

మోడెం పెట్టె ఒక్కసారిగా గొంతెత్తింది. కూతలు, బరబరలు, గీ అని ఒక కేక. వంటింటి ఫోనులో పలచగా వినబడేది ఇప్పుడు గదంతా నిండింది. గుమ్మం ముందు తులసికోట దగ్గరున్న పిల్లి పారిపోయింది. దుర్గారావు గుమ్మంలోనే ఆగిపోయాడు.

ప్రసన్న తెర వంక చూడటంలేదు. తల్లి ముఖం వంకే చూస్తోంది. తను పంపే మాట ఎలా ఉంటుందో తెలుసుకోవడానికి ఆమెకి వేరే దారి లేదు. మౌసు మీద ఒక చెయ్యి, కుర్చీ చేతి మీద తల్లి చేతిని పట్టుకుని ఇంకొకటి. గడ్డం ఎగరేసి అడిగింది. ఎలా ఉంది?

సత్యవతి అబద్ధం చెప్పలేకపోయింది. "గోలగా ఉందమ్మా" అంది, పెదాలు కనబడేలా. "మహా గోలగా ఉంది."

ప్రసన్నకి నవ్వొచ్చింది. అడ్డం పెట్టుకోవడానికి చెయ్యి ఖాళీ లేదు. ఈలోగా ఫోను కలిసి పెట్టె దానంతటది ఊరుకుంది. ఆ నిశ్శబ్దంలో కూతురి నవ్వు, పగిలిన గొంతుతో, ఎత్తుపల్లాలతో, గదిలో ఒక్కటే వినబడింది. సత్యవతి కదలకుండా కూర్చుని, అది ఆగేదాకా వింది.